పెట్ట తోక ఎత్తి చూడమని చెప్పించండి

ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ సంచాలకులు గారికి,

గోదావరి డెల్టాలో కొబ్బరిచెట్ల కింద పెరటికోళ్లు పెంచుకునే ఇల్లాలిని. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మన రాష్ట్రానిదే మొదటి స్థానం. 2022-23 లెక్కల్లో దేశం మొత్తం గుడ్లలో 20 శాతం పైచిలుకు మనవే. అందులో సింహభాగం తణుకు చుట్టుపక్కల ఉండేలాంటి పెద్ద ఫారాలది. అక్కడ పెట్ట తీగల పంజరంలో నిలబడుతుంది, రెట్ట సందుల్లోంచి కిందికి జారిపోతుంది. నేను రాస్తున్నది పంజరం లేని పెట్ట గురించి. పెంటకుప్ప గీరుకుంటూ, వానలో తడుస్తూ, పొద్దుగూకితే గూట్లో దూరే పెట్ట గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, దాని తోక కింద ఈకల గురించి.

నవ్వొస్తే నవ్వండి. నవ్వాక మాత్రం ఒక పని చేసిపెట్టాలి. పెరటికోళ్ల శిక్షణ ఎక్కడ జరిగినా, కోడిపిల్లల్ని ఎవరికి పంచినా, అందులో ఒక పావుగంట తీసి ఒక పెట్టను పట్టుకుని, దాని తోక ఎత్తి, అక్కడ ఏం చూడాలో, ఏం చేయాలో, ఏం చేయకూడదో ఆడవాళ్ల చేత చేయించి చూపించండి. టీకాల పట్టిక మాకు వచ్చు. ఏడో రోజు కంటిలో చుక్క, ఆ తర్వాత గంబోరో, కొక్కెర రోగానికి మళ్లీ సూది. దాణా లెక్కా వచ్చు. నేను చూసిన కరపత్రాలన్నింటిలో కోడి బొమ్మ పక్కకు తిరిగి, ముక్కు ఎత్తి, అందంగా ఉంటుంది. కోడి ముందా గుడ్డు ముందా అని తరతరాలుగా తగువులాడుకున్నాం గానీ, కోడి వెనక ఏముందో చూసినవాళ్లు తక్కువ.

కోడికి అన్నిటికీ దారి ఒకటే. రెట్ట, మూత్రం, గుడ్డు మూడూ అక్కడినుంచే రావాలి. కోడికి మూత్రం విడిగా నీళ్లలా రాదు. రెట్ట మీద తెల్లగా సున్నంలా కనిపించేదే దాని మూత్రం. యూరిక్ ఆమ్లం అలా ముద్దగా వస్తుంది. ఆకుపచ్చ, గోధుమ కలిసిన గట్టి రెట్ట మీద తెల్లటి టోపీ ఉంటే ఆ కోడి కులాసాగా ఉన్నట్టే. ఇది తెలియక తెల్లరంగు కనపడగానే తెల్లపారుడు వచ్చిందని కంగారుపడే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇంకో రకం కూడా ఉంది. ఎనిమిది పది సార్లకు ఒకసారి కోడి జిగటగా, ముదురు గోధుమరంగులో, ముక్కుపుటాలు అదిరేలా కంపుకొట్టే రెట్ట వేస్తుంది. పేగు చివర రెండు మూసుకున్న సంచులుంటాయి. అందులో పులిసిన సరుకు అది. రోగం కాదు. పొదుగు మీద కూర్చున్న పెట్ట రోజంతా బిగబట్టి ఒక్కసారి దిగి వేసే పెద్ద ముద్దా రోగం కాదు. వీటికి భయపడి మందుల షాపులో మనుషుల గొట్టం మాత్రలు కొని, విప్పి, తౌడులో కలిపి పెట్టేస్తున్నారు. కేంద్ర ప్రభుత్వం 2019లో కొలిస్టిన్ మందును కోళ్లకు, పశువులకు వాడకూడదని నిషేధించింది అంటే ఊరికే నిషేధించలేదు కదా. ఏది మామూలు రెట్టో చెబితే ఈ మందుల వాడకం సగం పోతుందని నా నమ్మకం.

ముందుగా పిల్లల సంగతి. మీ పథకాల్లో పిల్లల్ని నాలుగు వారాలు పెంచి ఇస్తారు కాబట్టి ముడ్డి అంటుకుపోయే గండం గడిచాకే మా చేతికి వస్తాయి. కానీ ఊళ్లో చాలామంది రోజు పిల్లల్నే కొంటున్నారు, హేచరీ నుంచి అట్టపెట్టెలో తెచ్చుకుంటున్నారు. తల్లి కింద పుట్టిన పిల్లలకు ముడ్డి అంటుకుపోవడం అరుదు. బల్బు కింద పెరిగేవాటికి మొదటి వారంలో తరచూ వస్తుంది. ప్రయాణంలో చలి తగిలినా, బల్బు మరీ దగ్గరగా వేలాడి ఒళ్లు మాడినా, నీళ్లు అందకపోయినా రెట్ట పల్చబడి నూగుకు అంటుకుని, ఆరి, బిరడాలా బిగుసుకుంటుంది. దారి మూసుకుపోతే ఆ పిల్ల రెండు రోజులకు మించి బతకదు. ముణగదీసుకుని ఓ మూల కూర్చుంటుంది. మనం నిద్రపోతోందనుకుంటాం.

చేయాల్సింది చిన్న పనే. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి ఆ గడ్డ మీద ఆనించి, మెత్తబడే దాకా ఓపికపట్టాలి. తర్వాత దానంతటది ఊడుతుంది. గోటితో పీకితే నూగుతోపాటు చర్మం ఊడొస్తుంది. తడి తుడిచి, ఒక్క చుక్క కొబ్బరినూనె రాసి, ఒళ్లు ఆరాకే బల్బు కింద వదలాలి. మొదటి వారం పిల్లల దగ్గర వేడి 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. మే నెల మధ్యాహ్నం మా రేకుల షెడ్డులో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. పుస్తకంలో రాసి ఉంది కదా అని అప్పుడూ బల్బు వెలిగించేవాళ్లను చూశాను. థర్మామీటరుకన్నా పిల్లల్ని చూడటం మేలు. బల్బు కింద గుంపుకడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి. మొదటి రోజు దాణా బదులు మొక్కజొన్న రవ్వ, బెల్లం నీళ్లు పెట్టడం మా వైపు పాత అలవాటు. మంచిదే.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దీన్ని కరపత్రంలో ఎర్ర అక్షరాలతో వేయించండి. మా వీధిలో ఒక పిన్ని కొత్తగా పిల్లల్ని తెచ్చింది. ఎవరో చెబితే విని ఒక్కో పిల్లనూ తిరగేసి చూస్తోంది. ఒకదాని పొట్ట కింద నల్లగా, ఎండిన చుక్కలాంటిది కనపడింది. "ఇదిగోనమ్మాయ్, అంటుకుపోయింది, పీకేస్తా" అంది. నేను చేయి పట్టుకునే లోపే లాగేసింది. అది రెట్ట కాదు, బొడ్డు. గుడ్డులోని పచ్చసొన లోపలికి పోయి మూసుకున్న చోట కట్టిన పక్కు. పక్కు వెంట సన్నటి దారంలాంటిది బయటికి వచ్చింది. పిల్ల సాయంత్రానికి పోయింది. పిన్ని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. బొడ్డు పొట్ట మధ్యలో ఉంటుంది, ముడ్డి తోకకు ఆనుకుని ఉంటుంది అని బొమ్మ గీసి చూపిస్తే తేలిపోయే విషయమే కదా ఇది.

పెద్ద పెట్టల దగ్గరికి వస్తే, తోక కింద ఈకలు మురికిగా ఉండటం రోగం పేరు కాదు, కబురు. ఆ కబురు ఎక్కడినుంచి వచ్చిందో చూడకుండా కడిగి వదిలేస్తే వారానికి మళ్లీ అదే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అయితే కారణం ఎండే. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతుంది, మామూలుకు రెట్టింపు నీళ్లు తాగుతుంది, రెట్ట నీళ్లలా పోతుంది. నీడ, చల్లటి నీళ్లు, మధ్యాహ్నం దాణా తగ్గించడం తప్ప వేరే మందు అక్కర్లేదు. మా వైపు ఇంకో కారణం ఉప్పు. ఎండుచేపల తలలు, ఆవకాయ కలిపి మిగిలిన అన్నం, పచ్చడి జాడీ కడిగిన నీళ్లు అన్నీ కోళ్లకే పోతాయి. దాణాలో ఉప్పు అర శాతం దాటకూడదు. ఎండుచేప తలలో ఉన్నది దానికి ఎన్ని రెట్లో మీరే చెప్పాలి. తిన్నాక నీళ్లు తాగుతుంది, పల్చగా పారుకుంటుంది, ఈకలు పాడవుతాయి. ఆ తలల్ని రాత్రంతా నానబెట్టి నీళ్లు పారబోస్తే సగం బాధ తగ్గుతుంది. కడుపులో పురుగులు ఇంకో కారణం.

కొన్ని పెట్టలు ఒంటి తీరు వల్లే మురికవుతాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవారు ఇచ్చిన వనరాజా, గ్రామప్రియలను మేం ఇష్టంగా పెంచుకుంటున్నాం. గుడ్లలో నాటుపెట్ట వాటికి సాటిరాదు. అయితే వనరాజా ఒళ్లు బరువైన జాతి. ఇంట్లో మిగిలిందల్లా పెడితే పొట్ట కింద కొవ్వు పడుతుంది, మెడ తిప్పి ముడ్డి దాకా ముక్కుతో దువ్వుకోలేదు. తోక మొదట్లో పైన ఉండే నూనెగ్రంథిని ముక్కుతో నొక్కి ఆ నూనెను ఒళ్లంతా పట్టించుకోవడం కోడి రోజూ చేసే సింగారం. అది ఆగితే ఈక జిడ్డు పోయి, రెట్ట జారకుండా అంటుకుంటుంది. మా నాటు పెట్టలకు ఈ బెడద తక్కువ. ఎందుకంటే వాటికి కూర్చునే ఓపిక లేదు. ముసలి పెట్టకు ఏ జాతిదైనా తప్పదు.

శుభ్రమైన పెట్టకు స్నానం అక్కర్లేదని కూడా చెప్పించండి. బూడిద, ఎండు మట్టి కలిపిన గుంత ఒకటి నీడపట్టున ఉంటే చాలు, అదే పొర్లి దులుపుకుంటుంది. స్నానం గడ్డకట్టినప్పుడే. మా వదిన చేసే తీరు మీ శిక్షణకు పనికొస్తుంది, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. పెట్టను ముందురోజు చీకటిపడ్డాక గూట్లోంచి తీసి గంప కింద మూస్తుంది. పగలు తరిమి పట్టుకుంటే గుడ్డు మీదున్న పెట్ట బెదిరి, గుడ్డు లోపలే పగులుతుందని ఆవిడ భయం. మర్నాడు ఎండ ముదిరాక వెడల్పు బేసిన్‌లో మోచేతికి ఆనితే వెచ్చగా తగిలే నీళ్లు పోస్తుంది. పెట్ట తలను తన చంక కిందికి, తోకను ముందుకు పెట్టి, రెక్కలు రెండూ మోచేత్తో అదిమి, పొట్ట దాకా నీళ్లలో కూర్చోబెడుతుంది. ఒక నిమిషం గింజుకుంటుంది. తర్వాత వెచ్చదనానికి కళ్లు మూతలు పడతాయి, కాళ్లు చాపేస్తుంది. పది నిమిషాలు ఆవిడ ఏమీ చేయదు, టీవీ సీరియల్ సంగతులు చెబుతుంది. అప్పుడు గడ్డను వేళ్ల మధ్య పెట్టి నలుపుతుంది. లాగదు. పెచ్చులు పెచ్చులుగా నీళ్లలో కలిసిపోతుంది. జిడ్డుంటే పసిపిల్లల షాంపూ ఒక చుక్క, లేదా పలచటి కుంకుడు పులుసు. చర్మం ఒలిసి ఉంటే అదీ వద్దు. నీళ్లు మార్చి ఇంకోసారి కడిగి, పాత తువ్వాలుతో అద్ది, ఎండ తగిలేలా గంప కిందే ఉంచుతుంది. పూర్తిగా ఆరాకే మందలోకి. తడిసి ఎర్రటి చర్మం బయటపడ్డ పెట్టను వెంటనే వదిలితే మిగతా కోళ్లు ఆ ఎరుపు చూసి పొడవడం మొదలుపెడతాయి. ఒకసారి నెత్తురు రుచి తగిలితే పేగులు లాగే దాకా వదలవు.

మళ్లీ మళ్లీ పాడయ్యే పెట్టకు గుదం చుట్టూ మెత్తని ఈకలను మొండి కత్తెరతో, చర్మానికి అర అంగుళం ఎడం ఉంచి కత్తిరించాలి. కొత్తగా వస్తున్న, కాడ నీలంగా కనపడే ఈకను మాత్రం ముట్టుకోకూడదు. దాంట్లో నెత్తురుంటుంది, కోస్తే ధార కడుతుంది. కత్తిరించిన ఈక మళ్లీ ఈకలు రాల్చే కాలం దాకా పెరగదు కాబట్టి వానాకాలం ముందే ఈ పని చేసుకుంటే ఆ ఏడాదికి నిశ్చింత. పొదగడానికి గుడ్లు దాచుకునేవాళ్లకు ఇందులో ఇంకో లాభం ఉంది. ఈకలు గుబురుగా, గడ్డలుగా ఉంటే పుంజు కలిసినా ఫలితం ఉండదు, గుడ్లు మురిగిపోతాయి. రెట్ట అంటిన గుడ్డు పొదగేస్తే పెంకు రంధ్రాల్లోంచి మురికి లోపలికి పోతుంది. కడుగుదామంటే గుడ్డు మీద పుట్టుకతో ఉండే పలచటి పొర పోతుంది. గుడ్డు శుభ్రంగా ఉండాలంటే అది వచ్చే దారి శుభ్రంగా ఉండటమే సులువు.

మామిడిపళ్ల కాలం నుంచి వానలు తగ్గేదాకా ఈగల రోజులు. తడిసి, రెట్ట పట్టిన ఈకల మీద ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగులు బయటికొస్తాయి, చర్మం తొలిచి లోపలికి పోతాయి. పైన ఈకలు కప్పి ఉంటాయి కాబట్టి మనకు కనపడదు. పెట్ట మేత మాని, తోక దించి నిలబడుతుంది, దగ్గరికి పోతే కుళ్లు వాసన. ఈ స్థితిలో మా ఊళ్లో జరిగే వైద్యం రాయడానికి చేతులు రావడం లేదు. ఫినాయిలు పోస్తారు, కిరసనాయిలు పోస్తారు, పొగాకు కషాయం పోస్తారు. పురుగుతోపాటు పెట్టా పోతుంది. ఆవు పుండుకు సీతాఫలం ఆకు నూరి కట్టడం మా అత్తగారి కాలం నుంచి ఉంది గానీ కోడి చర్మం ఉల్లిపొర, దానికి ఏది ఎంత పడుతుందో చెప్పాల్సింది మీ డాక్టర్లు. ఈకలు కత్తిరించి, గోరువెచ్చని నీళ్లతో ధారగా కడిగి, చిమటాతో పురుగులు ఏరి, పలుచన చేసిన పోవిడోన్ అయోడిన్‌తో తుడిచి, ఈగ చొరబడని చోట మూసి, వెంటనే 1962 సంచార పశువైద్య బండికి ఫోన్ చేయమని చెబితే మేం నేర్చుకుంటాం. ఆ బండి గేదెకే కాదు, కోడికీ వస్తుందని మీ నోటితో ఒకసారి చెప్పండి. చాలామందికి కోడి కోసం ఫోన్ చేయడానికి మొహమాటం.

రాత్రి టార్చి వేసి తోక కింది ఈకలు పాయలు తీస్తే పేల సంగతీ తెలిసిపోతుంది. ఈక మొదళ్లలో తెల్లటి ముద్దలుంటే అవి పేల గుడ్లు. చర్మం మీద నల్లటి చుక్కలు కదులుతుంటే మరీ సన్నటి రకం, నెత్తురు తాగేవి. అప్పుడు ఒక్క పెట్టకు వైద్యం చేస్తే చాలదు, మందంతటికీ చేయాలి, గూటి పగుళ్లకు సున్నం వేయాలి. మందు ఏదైనా ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో డాక్టరే చెప్పాలి. పుల్లటి కంపుతో తెల్లటి జిగట కారుతుంటే అది బూజు జబ్బు. గొట్టం మాత్రలు తెగ వాడిన కోళ్లలో కనిపిస్తుంది, మళ్లీ అవే మాత్రలు వేస్తే ముదురుతుంది.

ఒక హెచ్చరిక కూడా ఆ పావుగంటలో చేరాలి. 2025 ఫిబ్రవరిలో మా గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఏం జరిగిందో మీకు తెలుసు. ఒకేసారి నాలుగైదు కోళ్లు ఆకుపచ్చగా పారుకుంటూ, తల వాచి, చచ్చిపోతుంటే అది కడగాల్సిన సమయం కాదు. ముట్టుకోకుండా కబురు చెప్పాల్సిన సమయం. మామూలు రోజుల్లో కూడా చేతికి పాలిథిన్ సంచి తొడుక్కుని, వంటగది సింకులో కాకుండా పెరట్లో కడగాలి. తర్వాత సబ్బుతో చేతులు రుద్దుకోవాలి. ఇంట్లోని చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

మా వైపు సంక్రాంతి ముందు పందెం పుంజులకు జరిగే వైభోగం మీకు తెలియంది కాదు. పందేలు చట్టవిరుద్ధమైనా ఆ మేపడం ఎవరూ దాచరు. వేన్నీళ్ల స్నానం, ఒళ్లు పట్టడం, చెరువులో ఈత, బాదంపప్పు, కైమా. డేగా, కాకా, నెమలా అని కుక్కుట శాస్త్రం తిరగేసి ముహూర్తాలు. అదే ఇంట్లో గుడ్లు పెట్టే పెట్టకు రెట్ట గడ్డకట్టి నడక మారినా పట్టించుకునే నాథుడు ఉండడు. పుంజు మగవాళ్ల లెక్క, పెట్ట ఆడవాళ్ల లెక్క కావడమే కారణమని నాకు గట్టి అనుమానం. అయినా కోడిని ఎలా పట్టాలో, ఎలా తడపాలో, ఎలా ఆరబెట్టాలో తెలిసిన చేతులు ఊరూరా ఉన్నాయి. శిక్షణకు ఆ మేపరుల్ని కూడా పిలవండి. జనవరి మూడో వారం తర్వాత ఖాళీగానే ఉంటారు.

ఆడవాళ్లు ఈ పని ఎందుకు చేస్తారు, అసహ్యపడరా అని మీ కింది ఉద్యోగులు అడగొచ్చు. ఒక ఆశ చూపించండి. తోక ఎత్తినప్పుడే ఏ పెట్ట గుడ్లు పెడుతోందో, ఏది ఊరికే తిని కూర్చుంటోందో తెలుస్తుంది. గుడ్డు పెట్టే పెట్ట గుదం వెడల్పుగా, తడిగా, పాలిపోయి ఉంటుంది. పెట్టనిది చిన్నగా, పొడిగా, పసుపుపచ్చగా ముడుచుకుని ఉంటుంది. దాని కింద రెండు ఎముకల మధ్య రెండు మూడు వేళ్లు పడితే పెడుతున్నట్టు, ఒక్క వేలే పడితే మానేసినట్టు. ఇది తెలిస్తే ఆదివారం కూరకు ఏది పోవాలో వాదన ఉండదు. మా మరిది ఒకసారి పెట్టే పెట్టనే కోయించాడు, కడుపులో పచ్చసొనలు వరసగా పెద్దవీ చిన్నవీ కనపడ్డాయి. ఆ పూట ఇంట్లో జరిగిన గొడవ వేరే కథ.

ఖర్చంటారా, ఒక బేసిన్, ఒక తువ్వాలు, ఒక కత్తెర. పశుసఖులకు, రైతు సేవా కేంద్రాల్లో ఉండే సహాయకులకు ముందు చేయించి చూపిస్తే వాళ్లే ఊళ్లో చూపిస్తారు. జూన్‌లో వానలు పడేలోపు మొదలుపెడితే ఈగల కాలానికి అందుతుంది. చూపించడానికి పెట్ట కావాలంటే మా గూట్లో ఒక బరువైన వనరాజా ఉంది, దాని తోక కింద ఎప్పుడు చూసినా పనే. కబురు మాత్రం ముందురోజు పొద్దుగూకకముందే పంపండి. తెల్లారాక అది ఎవరికీ దొరకదు.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక పెరటికోళ్ల పెంపకందారు